కష్టానికి ఇంగ్లీషు మాటలు

పొయ్యి మీద పాలు చూడమని మా అత్తగారు కేకేసేది సరిగ్గా నేను క్లాసులో నోరు తెరిచినప్పుడే. అంతకు ముందు గంటసేపు నేను వంటింట్లోనే నిలబడి ఉంటాను. అప్పుడు పాలకీ పొయ్యికీ ఆవిడకీ నాతో ఏ అవసరమూ ఉండదు. సామాన్ల గదిలోకి వెళ్లి, ఇస్త్రీ బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని గుడ్ ఈవినింగ్ అన్నానో లేదో, ఇంట్లో వస్తువులన్నీ కూడబలుక్కున్నట్టు మాయమైపోతాయి. టీవీ రిమోట్, ఆవిడ మాత్రల డబ్బా, మా వారి కళ్లజోడు. కళ్లజోడు ఆయన నెత్తి మీదే ఉంటుంది. నేను మైకు ఆపి, వెళ్లి, చూపించి, తిరిగొచ్చి, ఎక్కడున్నామమ్మా అని నా పిల్లల్ని అడుగుతాను.

పిల్లలంటే చిన్నపిల్లలు కారు. ఉద్యోగంలో ఒక మెట్టు ఎక్కాలంటే ఇంగ్లీషు పరీక్ష రాయక తప్పని పెద్దవాళ్లు. ఆసుపత్రిలో నర్సు ఒకామె, బస్సు డ్రైవరు ఒకాయన, ఇంకా కొందరు. బట్టలు కుట్టే ఒకావిడ తన మైకు ఎప్పుడూ ఆపదు, పాఠం వెనక కుట్టుమిషను టకటకా నడుస్తూనే ఉంటుంది. అందుకని అందరం ఆవిణ్ణి మిషనక్క అంటాం. ఎవరూ కెమెరా పెట్టుకోరు. నేను మాట్లాడేది నల్లటి గళ్లతో. అయినా రోజు మొత్తంలో నేను నిజంగా మాట్లాడేది ఆ గంటే. మిగతా వేళంతా ఇంట్లోవాళ్లు నాకు చెబుతారు తప్ప నాతో మాట్లాడరు. చెప్పడానికీ మాట్లాడడానికీ తేడా ఉందని పెళ్లయిన చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు. తెలిశాక ఒంటరితనం తగ్గకపోగా ఎక్కువైంది.

ఆ రోజు పొద్దున కాఫీ తాగుతూ మా వారు చెప్పారు. వాళ్ల చెల్లెలికి ఈ ఊరికి బదిలీ అయిందట, ఇక మనింట్లోనే ఉంటుందట, సామాన్ల గది ఖాళీ చేసి తనకివ్వాలట. క్లాసులు మానేస్తున్నానని సాయంత్రం నా పిల్లలకి చెప్పెయ్యమన్నారు. హాల్లో కూర్చుని చెప్పుకోనా అంటే, అక్కడ అమ్మ టీవీ చూస్తుంది కదా అన్నారు. పడగ్గదిలో అంటే, అది ఆయన ఆఫీసు నుంచి వచ్చి నడుం వాల్చే వేళ. నీకూ కాస్త విశ్రాంతిగా ఉంటుందిలే అని కూడా అన్నారు, పాపం. ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట అందరూ అంటారు, నేనూ అంటాను, అని అని నా నోటికి అలవాటైపోయింది. సరేనండీ అన్నాను. ఆరోగ్యం బాగాలేదని చెప్పి మానేద్దామనుకుని, ఎలా చెప్పాలో గిన్నెలు తోముతూ రిహార్సలు వేసుకున్నాను.

ఆ సాయంత్రం పాఠం కష్టాల గురించి. పరీక్షలో ఈ మాటల తేడా తప్పకుండా అడుగుతారు. నేను అర్థాలు బట్టీ పట్టించను. ప్రతి మాటనీ మూడు ప్రశ్నలు అడగమంటాను: ఇది ఎంతకాలం ఉంటుంది, ఎవరి వల్ల వచ్చింది, ఎవరు చూశారు. మిస్‌ఫార్చ్యూన్ అంటే దారిన పోతుంటే నెత్తిన పడేది, అందులో ఎవరి తప్పూ ఉండదు. కెలామిటీ ఊరంతటి మీదా పడుతుంది కాబట్టి పేపర్లో దానికి చోటుంటుంది. ఆర్డీల్ అగ్నిపరీక్ష లాంటిది, కానీ అటు చివర ఒక గుమ్మం ఉంటుంది, దాటితే అయిపోయినట్టే. అడ్వర్సిటీ అనేది గట్టెక్కినవాళ్లు దండలు వేయించుకుని మైకు ముందు చెప్పుకునే మాట, అందులో మునిగి ఉన్నవాళ్లు దాన్ని వాడగా నేను వినలేదు. హార్డ్‌షిప్ అలా కాదు. అది పొద్దున లేచేసరికి ఉంటుంది, పడుకునేటప్పుడూ ఉంటుంది. పక్కవాళ్లకి అలవాటైపోయి కనిపించడం మానేస్తుంది. అలా చెప్పుకుపోతుంటే పాలు పాలు అని అత్తగారి కేక. చటుక్కున మైకు ఆపి, వస్తున్నానత్తయ్యా అని అరిచాను. ఒక్కో మాటకి ఒక్కో వాక్యం రాయమని పిల్లలకి చాట్‌లో పెట్టి లేచాను. లేస్తూ, మైకు ఆపాలిగా అని మళ్లీ బొత్తాం నొక్కాను. ఆపినదాన్నే తెలియకుండా తెరిచి, మైకు ఉన్న ఆ వైరు లేని హెడ్‌ఫోన్లని మెడలో వేసుకుని వంటింట్లోకి నడిచాను.

చెప్పేశావా అని అడిగారు అత్తగారు. ఇంకా లేదన్నాను. దానికింత ఆలోచనేమిటన్నారు. నీడపట్టున కూర్చుని నాలుగు కబుర్లు చెప్పడమేగా, అదేమైనా రాళ్లు కొట్టే పనా అన్నారు. మా వారు ఫ్రిజ్ తలుపు తెరిచి లోపలికి చూస్తూ నిలబడి ఉన్నారు.

"అయినా ఆ మాటలన్నీ ఫోన్లో వెతికితే వస్తాయి. ఈవిడ లేకపోతే వాళ్లకేం కొంప మునుగుతుంది?" అన్నారు. అన్నది నాతో కాదు, ఫ్రిజ్‌తో.

ఒళ్లు మండింది. ఎప్పుడూ మండుతుంది. కానీ నోట్లోంచి వచ్చింది మాత్రం, సరేనండీ, ఇవాళ చెప్పేస్తాను అని. సన్నగా, తప్పు చేసి దొరికిపోయిన మనిషి గొంతుతో వచ్చింది. పొయ్యి కట్టేసి తిరిగొచ్చాను.

ఎవరూ ఒక్క వాక్యం రాయలేదు. మామూలుగా నర్సు అందరికంటే ముందు రాసేస్తుంది. తెర కింద మైకు బొమ్మ పచ్చగా వెలుగుతోంది. అంతా విన్నారన్నమాట. అత్తగారు అన్నవి విన్నారు, ఆయన అన్నవి విన్నారు, సరే. నేను సిగ్గుతో చచ్చిపోయింది వాళ్లు నా ఆ గొంతు విన్నందుకు. రోజూ వాళ్లని గదమాయించే మనిషిని నేను. అడిగినదానికి ఊరికే యస్ అనకండి, ఎందుకో చెప్పండి అని డ్రైవరు గారిని ఎన్నిసార్లు నిలదీశానో. కుట్టుమిషను ఆగింది. ఆ క్లాసులో అది ఆగడం అదే మొదటిసారి.

"మేడం, ఈ మాటల్లో మీది ఏదండీ?" అంది మిషనక్క.

నేను నోరు విప్పేలోపే డ్రైవరు గారు మొహమాటంగా, నన్ను ఓదారుస్తున్నట్టు, మిస్‌ఫార్చ్యూన్ అయ్యుంటుందన్నారు. కాదు కాదు, ఎవరి తప్పూ లేకపోతేనే ఆ మాట వాడాలని మేడమే చెప్పారుగా అని నర్సు దిద్దింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు. నా మూడు ప్రశ్నలు నన్ను నేను అడుక్కున్నాను. ఎంతకాలం? ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి. ఎవరి వల్ల? ఎప్పుడూ ఇక్కడే ఆగిపోయేదాన్ని. పొయ్యి వల్ల అనుకునేదాన్ని, వేళ చాలక అనుకునేదాన్ని, నాకే సర్దుకోవడం రాక అనుకునేదాన్ని. పొయ్యి నన్ను పిలవదు. పిలిచేది మనుషులు. కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని దాన్ని వెతికి పెట్టమనే మనిషి, మాత్రల డబ్బా పక్కనే పెట్టుకుని కేకేసే మనిషి. ఇన్నేళ్లుగా ఏ పేరూ లేకుండా దాన్ని మోశాను కాబట్టి, దించి ఎవరికైనా చూపించాలన్నా వీలు కాలేదు. ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. ఇవాళ మాత్రం విన్నారు.

"హార్డ్‌షిప్," అన్నాను.

వాక్యం చెప్పండి మేడం అంది మిషనక్క. ఉత్త మాట చెప్పి ఊరుకుంటే ఈ క్లాసులో నేనెవరినీ వదలను మరి. ఇంగ్లీషులోనే చెప్పాను. రోజుకి ఒక్క గంట నేను మనిషిలా మాట్లాడతాను, ఆ గంట కూడా ఇచ్చెయ్యమంటున్నారు అని. వ్యాకరణం ఎలా ఉందో నాకు తెలియదు. టైమైపోయింది. ఆరోగ్యం బాగాలేదన్న మాట నాలుక చివరే ఉంది. దాన్ని మింగేసి, రేపు ఇంకొన్ని మాటలు చెప్పుకుందాం, ఇవాళ్టి వాక్యాలు మాత్రం రాసుకు రండి అన్నాను. గళ్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. చివరికి తెర మీద నా మొహం ఒక్కటే మిగిలింది.

మా వారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అయిపోయిందా, చెప్పేశావా అన్నారు. చెప్పలేదన్నాను, ఈ గది ఇవ్వలేనన్నాను. ల్యాప్‌టాప్ మూసి ఇస్త్రీ బల్ల మీదే ఉంచాను. మీ చెల్లెలికి హాల్లో మంచం వేద్దాం, టీవీ అత్తయ్య గదిలో పెడదాం అన్నాను. ఆయనకి కోపం రాలేదు, వింతగా చూశారు. ఇంట్లో బల్లో కుర్చీనో మాట్లాడితే అలాగే చూస్తారేమో.

"హాల్లోనా? దానికెంత కష్టమో ఆలోచించావా?" అన్నారు.

"అది కష్టం కాదండీ, ఇబ్బంది. ఇబ్బందికైతే సర్దుకోవచ్చు," అన్నాను. "ఇన్నేళ్లూ నేను సర్దుకున్నది కష్టానికి."