పన్నెండో అంతస్తులో తోలు బల్ల

స్వరూప మాట్లాడటం మొదలుపెట్టిన రెండో నిమిషంలో బల్ల ఒక గజం పొడుగవుతుంది. అవతల కూర్చున్న ముగ్గురు న్యాయనిర్ణేతలు కుర్చీలతో సహా గజం వెనక్కి జరిగి, కాఫీ కప్పులు సర్దుకుంటారు.

కొత్త కంపెనీ పెట్టుకునేవాళ్లకి చోటిచ్చి, ఏడాదిపాటు చేయిపట్టి నడిపించే సంస్థ అది. ఇన్నాళ్లూ ఈ గడప తొక్కని కులాలవాళ్లకి ఈసారి తలుపులు బార్లా తెరిచామని గోడ మీద రాసుకున్నారు. ఇచ్చేది మాత్రం ఒక్క కుర్చీ. కిటికీ పక్కన నల్లగా నిగనిగలాడుతున్న ఆ తోలు కుర్చీయే. బయట వరండాలో ఇంకా ముప్ఫైమంది నిలబడి ఉన్నారు. కుర్చీ దక్కేదాకా కూర్చోకూడదని వాళ్లకి గట్టిగా చెప్పారు.

స్వరూపకి ఆ కుర్చీ కావాలి. రేపటితో ఆమెకి ముప్ఫై ఏళ్లు నిండుతాయి, ఆ తర్వాత ఇక్కడ దరఖాస్తే తీసుకోరు. చేతిలో ఉన్నది ఏడు నిమిషాలు, అందులో రెండు అయిపోయాయి.

ఆమె చేసిన పెట్టె బల్ల మీద ఉంది. సబ్బుపెట్టెంత ఉంటుంది. బోరు మోటారు పక్కన పెడితే, చప్పుడు విని, మోటారు ఎన్ని రోజుల్లో కాలిపోతుందో చెబుతుంది. ఎండిపోయే పొలాన్ని వారం ముందే కాపాడుతుంది.

"ఆ చప్పుళ్లలో తేడా పట్టే చెవి మీకెక్కడిది?" అని మధ్యలో కూర్చున్నాయన అడుగుతాడు.

జవాబు ఆమెకి కంఠతా వచ్చు. ఇలాంటి పోటీలకి తయారుచేసే సలహాదారు పదిసార్లు వల్లె వేయించాడు. "ఆన్‌లైన్ కోర్సులో నేర్చుకున్నానండి."

బల్ల రెండు గజాలు సాగుతుంది.

"ఏ ఊరు మీది?"

"జనగామ దగ్గరండి."

"ఊళ్లో ఏ వైపు?"

"బస్టాండు వైపండి." ఇంకో మూడు గజాలు.

"నాన్నగారు ఏం చేస్తారు?"

"సంగీతమండి."

"అబ్బో. గాత్రమా, వాద్యమా?"

"వాద్యమండి."

"వీణా?"

"అలాంటిదేనండి."

ఈసారి బల్ల ఎంత సాగిందో కొలవడానికి లేదు. ముగ్గురూ చింతగింజలంత అయిపోతారు. మధ్యలో ఆయన తర్వాతి మాట కాఫీ ట్రేలో చీటీగా వస్తుంది: "రెండు నిమిషాలున్నాయి. దయచేసి దగ్గరికి వచ్చి మాట్లాడండి." ఆమె నడుస్తుంది. ఎంత నడిస్తే బల్ల అంత పెరుగుతుంది. ఏడుపు ముంచుకొస్తుంది. నాన్నని వీణ చేసినందుకు సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

నిలదొక్కుకోవడానికి బల్ల మీద చేయి వేస్తుంది. చల్లగా, మెత్తగా తగులుతుంది. వేలి కణుపుతో కొడితే బద్దుమని మూలుగుతుంది. ఆ మూలుగు ఆమెకి పుట్టినప్పటినుంచీ తెలుసు. వానలో తడిసిన డప్పు అలాగే మూలుగుతుంది. బల్లంతా తోలే. ఏసీ పదహారులో పెట్టి దాని బిగువు సడలించారు.

సలహాదారు రాసిచ్చిన పన్నెండు కాగితాలనీ ఉండచుట్టి, బల్ల మీది స్టీలు పళ్లెంలో వేసి, అగ్గిపుల్ల గీస్తుంది.

ఇంకో చీటీ వస్తుంది: "ఫైర్ అలారం మోగుతుంది."

"అది మూగది సార్. పొద్దుగాల వచ్చినప్పుడే విన్న," అని అరుస్తుంది. పళ్లెం పట్టుకుని బల్ల అంచులు కాచుకుంటూ పోతుంది, నాన్న కాచినట్టే, తిప్పి తిప్పి. "మా నాయిన డప్పు కొడ్తడు సార్. మాది మాదిగవాడ. నాలుగొందల మోటార్లు మా నాయిన పక్కన కూసోనే విన్న. ఈ చెవి ఆయన ఇచ్చిందే."

బల్ల బిగుస్తుంది. ముగ్గురూ కీచుమంటూ ముందుకొచ్చి పడతారు. వాళ్ల మోకాళ్లు ఆమె మోకాళ్లకి తగులుతాయి. ఇంత దగ్గరగా చూస్తే మధ్యలో ఆయనకి చొక్కా గుండీ ఒకటి లేదు.

"ముప్ఫై సెకన్లున్నాయి," అంటాడాయన.

"మాటలు అయినయి సార్. ఇగ వినుండ్రి."

ఒక చేతికి పెన్ను, ఇంకో చేతికి మార్కర్ తీసుకుని బల్ల మీద దరువు వేస్తుంది. పన్నెండో అంతస్తు అద్దాలు జల్లుమంటాయి. కిటికీ పక్కన కుర్చీ ఒక కాలు ఎత్తుతుంది, దించుతుంది. తర్వాత నాలుగు కాళ్లతో నడిచొచ్చి స్వరూప మోచేతిని వాసన చూసి, వెనక నిలబడుతుంది. ఆమె కూర్చోదు. డప్పు నిలబడే కొట్టాలి.

"ఉన్నది అదొక్కటేనండి," అని మధ్యలో ఆయన గుర్తుచేస్తాడు.

"దాని ఎనక ఎన్ని వస్తున్నయో వినబడ్తలేదా సార్?"

ఆయనకి వినబడటం లేదు. ఆమెకి వినబడుతోంది. కింద పదకొండు అంతస్తుల్లోంచీ గిట్టలు మెట్లెక్కుతున్నాయి.

వరండాలోంచి లచ్చిరాం తొంగిచూస్తాడు. డోర్నకల్ పక్క తండావాడు, మిరప తెగులు చూసే కెమెరా చేశాడు, తర్వాతి వంతు అతనిదే. "అక్కా, మెట్ల మీద మంద వస్తాంది. తలుపు తియ్యాల్నా?"

"తియ్యి తమ్మీ, రెండు రెక్కలూ తియ్యి."

కుర్చీలు వస్తాయి. మోకాళ్లదాకా బురద. కొన్నిటి మెడలకి తెగిన పలుపుతాళ్లు ఇంకా వేలాడుతున్నాయి. వరండాలో ఒక్కొక్కరి అరచేతినీ నాకి, ఒక్కొక్కరి పక్కన మోకరిల్లుతాయి. న్యాయనిర్ణేతల కుర్చీలు కూడా లేచి మందలో కలుస్తాయి. ముగ్గురూ కూర్చున్నట్టే గాల్లో మిగిలిపోయి, తలలెత్తకుండా మార్కులు వేస్తూ ఉంటారు.

వరండాలో ఇరవైతొమ్మిది మంది కూర్చున్నారు. తలుపు పట్టుకుని లచ్చిరాం ఇంకా నిలబడే ఉన్నాడు. స్వరూప చేయి ఆపదు. చాలా కింద, మొదటి మెట్టు ఎక్కలేక, ఒక దూడ కుర్చీ అరుస్తోంది.