సాయిలు జాగా

ఆదివారం నీలం నగర్‌లో మగ్గాల చప్పుడు ఉండదు. ఆరు రోజులూ ఆ చప్పుడులోనే తిని, ఆ చప్పుడులోనే పిల్లల్ని నిద్రపుచ్చే జనానికి ఆ పూట చెవులు వెలితిగా ఉంటాయి. రామన్నకు మరీను. యాభై రెండేళ్ల మనిషి, ఒంటిగది, ఒక్క చేమగ్గం. పెళ్లి మాట ఎత్తినవాళ్లు ఎత్తి ఎత్తి అలిసిపోయి ఎప్పుడో ఊరుకున్నారు. మగ్గం మోగినంతసేపూ ఒంటరితనం బయట అరుగు మీద కూర్చుంటుంది, మగ్గం ఆగితే లోపలికొస్తుంది. అందుకే ఆదివారం జొన్నరొట్టె, పల్లీల చట్నీ తినేసి, ఉతికిన ధోతి కట్టుకుని, తలుపుకు గొళ్లెం పెట్టి, సిటీ బస్సెక్కి కబడ్డీకి పోయేవాడు.

సోలాపూర్‌లో పేటకొక తాలీం, అంటే కసరత్తుశాల, తాలీముకొక కబడ్డీ జట్టు. చలికాలం రెండు నెలలూ ఆదివారం మధ్యాహ్నాలు మైదానంలో పోటీలుండేవి. నేతపనివాళ్లు పెళ్లాలతో కలిసి రావాలని కమిటీ పెద్దలు ఎప్పుడో ఒక ఏర్పాటు చేశారు. ఒకవైపు రాతిమెట్ల మీద కూర్చోవడానికి జోడీ టికెట్, ఇద్దరికీ కలిపి ఆరు రూపాయలు. ఒక్కడే వస్తే అవతలివైపు కుర్చీల్లో కూర్చోవాలి, దానికి పదిహేను. ఒంటరిగా ఉన్నందుకు జరిమానా వేసినట్టుందని రామన్న అనుకునేవాడు, పైకి మాత్రం అనేవాడు కాదు. జోడీ టికెట్టే కొనేవాడు. తనకొక సగం, సాయిలుకొక సగం.

సాయిలు పదకొండేళ్ల క్రితం వెళ్లిపోయాడు. ఇద్దరూ పక్కపక్క మగ్గాల మీద పని నేర్చుకున్నారు, ఒకే డబ్బాలో తిన్నారు. డెబ్బై ఎనిమిదిలో ఒక ఆదివారం మెట్ల మీద కూర్చుని ఆట చూస్తున్నారు. కూతకు వెళ్లిన పిల్లగాడొకడు అవతలి గీత దగ్గర చిక్కుకుని మెలికలు తిరుగుతున్నాడు. సాయిలు లేచి, "జాగ పట్టు రామన్నా, వస్త" అన్నాడు. కూత పెట్టేవాడితో పాటు తనూ ఊపిరి బిగబట్టి చూస్తున్న రామన్న, ఊ అని కూడా అనలేదు. భుజం మీది తువ్వాల తీసి పక్కన పరిచాడు. సాయిలు చాయ్‌కి పోయాడనుకున్నాడు. భివండీలో పవర్‌లూమ్ పనికి పోయాడని మూడో రోజు ఎవరో చెప్పారు.

ఆ తువ్వాల అప్పటినుంచీ ఆ మెట్టు మీదే ఉంది. రామన్న నేసిన తువ్వాల జాగా పట్టిందంటే పట్టినట్టే, ఇది పేటలో అందరికీ తెలిసిన సంగతే. ఎవరికోసం పరిస్తే వాళ్లు తప్ప ఇంకొకరు దానిమీద కూర్చోలేరు. కూర్చోబోయినవాళ్లకు ఏదో పని గుర్తొస్తుంది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చామనో, ఇంటికి తాళం వేయలేదనో చటుక్కున లేచి వెళ్లిపోతారు. కిరోసిన్ లైన్లో, అక్కల్‌కోట్ బస్సులో జనం ఈ తువ్వాలలే పరిచేవారు. మెట్లకు సున్నం వేసేవాళ్లు సాయిలు జాగా దాకా వచ్చి, తువ్వాల చుట్టూ వేసి, ముందుకు జరిగేవారు. ఎండకు వానకు దాని ఎర్రంచు వెలిసి గులాబీ రంగుకొచ్చింది. టికెట్లు చించే ముసలాయన రామన్న చేతిలో జోడీ టికెట్ చూసి, ఒక సగం చించుకుని రెండో సగం వెనక్కిచ్చేవాడు. ఆ సగాన్ని రామన్న తువ్వాల అంచు కింద దోపేవాడు.

ఎనభై తొమ్మిదిలో ఆ ముసలాయన పని మానేశాడు. గేటు దగ్గర వాసుదేవ్ అనే కొత్తాయన నిలబడ్డాడు. మంచివాడే, కానీ కొత్త.

"జోడీ మ్హణజే దోన్ మాణసం," అన్నాడు వాసుదేవ్ మరాఠీలో, రామన్న చేతిలోని టికెట్ చూసి. "ఇద్దరు మనుషులు కనపడాలె. రెండో మనిషి ఏడి?"

"లోపల జాగ ఉన్నది ఆయనకు."

"జాగ ఉంటే అయితదా, మనిషి ఉండాలె గద. పక్కకు జరుగు పెద్దాయనా, ఎనక లైన్ ఉన్నది."

రామన్న పక్కకు జరిగాడు. కుర్చీల టికెట్‌కు పదిహేను పెట్టే స్తోమత లేదు. లోపలినుంచి జనం హోరు వినిపిస్తోంది. ఇంటికి పోదామంటే చప్పుడు చేయని మగ్గం గుర్తొచ్చి కాళ్లు కదల్లేదు.

"ఏమయ్యా, నీకు గూడ జోడీ లేదా?"

గోడ నీడలో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. నలభై ఐదేళ్లుంటాయి, వేళ్ల కొసలు తంబాకుతో పచ్చబడి ఉన్నాయి. పేరు గోదావరి, కుంఠా నాకా దగ్గర ఇంట్లో ఒక్కతే బీడీలు చుడుతుంది. పెనిమిటి పోయి ఏడేండ్లు.

"ప్రతి ఐతారం ఈ గోడకు ఆనుకోని వింట," అంది. "మెట్ల మీదికి పోనియ్యరు, ఒక్కదాన్ని గద. కుర్చీకి పదిహేను నేను పెట్టలేను. ఇయ్యాల లోపలికి పోదమా? నా మూడు రూపాయలు నేనిస్త."

రామన్నకు చెవులు వేడెక్కాయి. ఈ వయసులో ఒక ఆడమనిషితో జోడీ టికెట్ మీద గేటు దాటడమంటే మాటలా? పేటలో ఎవరైనా చూస్తే? ఇంతలో లోపల చప్పట్లు మోగాయి. ఆయన తల ఊపాడు.

వాసుదేవ్ ఇద్దరినీ ఎగాదిగా చూసి, మీసాల్లో నవ్వుకుని, టికెట్ రెండుగా చించాడు.

మెట్లన్నీ కిటకిటలాడుతున్నాయి. రామన్న జాగా ఖాళీగా ఉంది, పక్కన తువ్వాల ఉన్న జాగా ఖాళీగా ఉంది. ఆయన కూర్చున్నాడు. గోదావరి నిలబడి అటూ ఇటూ చూసింది.

"ఇదెవరి జాగ?"

"మా సాయిలుది. వస్తడు."

"ఎప్పుడు పోయిండు?"

రామన్న చెప్పాడు. పదకొండేళ్లలో అడిగినవాళ్లు లేరు గనుక, చెప్పడం మొదలుపెడితే ఒకే డబ్బాలో తిన్న రోజుల దగ్గర్నుంచీ అన్నీ వచ్చేశాయి. ఆమె ఆటకేసి చూస్తూనే వింది. మధ్యమధ్యలో "అరె" అంది, "అవునా" అంది. తన మాటలకు మనిషి గొంతు బదులు పలికితే ఎంత హాయిగా ఉంటుందో రామన్న మరిచేపోయాడు.

"పోయేటప్పుడు ఏమన్నడు?" అని అడిగింది చివరికి.

"వస్త అన్నడు."

గోదావరి ఆట మీంచి చూపు తిప్పి తువ్వాలకేసి చూసింది.

"మనోళ్లల్ల పోతున్న అని ఎవరన్నా అంటరా?" అంది మెల్లగా. "మా ఆయన దవాఖానకు పోయేటప్పుడు గూడ వస్త అనే అన్నడు. ఆ మాట అన్నోళ్లకు మంచిది, పోయిరా అని చెప్పాలె. నేను చెప్పిన. నువ్వు చెప్పినవా?"

రామన్నకు కోపం వచ్చింది. ఎవరీమె, ఇవాళే కనబడి ఇన్ని అడగడానికి? మొహం ఆటవైపు తిప్పుకున్నాడు. కోపం కిందే దిగులూ ఉంది. తను చెప్పలేదు. ఆ పూట ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

నిలబడి నిలబడి గోదావరికి కాళ్లు లాగాయి. తువ్వాల అంచు మీద కొంచెం ఆనుకుంది. ఆనుకున్న మరుక్షణం లేచింది.

"అయ్యో, తునికాకు నీళ్లల్ల నానేసి వచ్చిన. తియ్యకుంటే కరాబైతది." కొంగు సర్దుకుని ఒక మెట్టు దిగింది. వెనక్కి తిరిగింది.

"వస్త మరి."

ఆ మాట రామన్నకు సూటిగా గుండెల్లో తగిలింది. మైదానంలో ఎవడో కూతకు వెళ్తున్నాడు. జనమంతా ఊపిరి బిగబట్టారు. ఇప్పుడు కూడా ఊరుకుంటే ఈమె కూడా గేటు దాటిపోతుంది. వచ్చే ఆదివారం తన పక్క జాగా మళ్లీ ఖాళీ, ఒకవేళ లోపలికి రానిస్తే. ఆయన ఊపిరి వదిలేశాడు. ఆమెవైపు చూడలేదు, తువ్వాలవైపు తిరిగాడు.

"మంచిది సాయిలూ," అన్నాడు. "పోయిరా."

గాలి లేదు, అయినా తువ్వాల అంచు లేచింది. పదకొండేళ్లుగా రాతికి అంటుకుపోయిన గుడ్డ, వదులై ఆయన చేతిలోకి వచ్చింది. కింద మెట్టు మీద సున్నం తగలని నల్లటి చదరం, అందులో నలిగిన టికెట్ ముక్కలు. మైదానం గడియారం నాలుగు కొట్టింది.

"కూసో," అన్నాడు గోదావరితో.

ఆమె అనుమానంగానే కూర్చుంది. ఏ పనీ గుర్తురాలేదు. తునికాకు పొద్దున్నే తీసి గోనె మీద ఆరేసిన సంగతి మాత్రం గుర్తొచ్చి తనలో తనే నవ్వుకుంది. చీకటి పడకముందే ఆట అయిపోయింది. ఏ జట్టు గెలిచిందో రామన్నకు తెలియలేదు.

గురువారం కార్డు వచ్చింది. భివండీ ముద్ర ఉంది, వంకర టింకర తెలుగు అక్షరాలు. రామన్న దాన్ని నాలుగుసార్లు చదివి, మడవకుండా జేబులో పెట్టుకుని, ఆదివారం గేటు దగ్గరికి తీసుకుపోయాడు. గోదావరి అప్పటికే టికెట్ కొని గోడ నీడలో నిలబడి ఉంది. గేటు తెరవడానికి ఇంకా టైముంది, చదవమంది. ఆయన చదివాడు.

"రామన్నకు సాయిలు రాసేది. చెప్పి పోదమనే ఆ పొద్దు వచ్చిన. నోరు రాలే. ఇక్కడ పని మంచిగనే ఉన్నది. కానీ ఏం చెప్పాలె, వచ్చినకాన్నించి యాడ కూసున్నా నిమిషం నిలువలే. ఏదో పని మరిచివచ్చినట్టు అనిపించి లేస్తుంటి. బువ్వ నిలబడే తిన్న. పవర్‌లూమ్ల అందరం నిలబడే పని చేస్తం గనుక ఎవరికీ తెలువలే. పదకొండేండ్లు గుంజకు ఆనుకునే నిద్రపోయిన. మొన్న ఐతారం నాలుగు గొట్టంగ అరుగు మీద ఊరికెనే కూసున్న. ఏదీ గుర్తుకు రాలే. పొద్దు మునిగేదాక కూసోని ఏడ్చిన. ఎందుకో నీకు ఎరుక కావచ్చు. వస్త."

చివరి మాట దగ్గర రామన్న ఆగిపోయాడు. ఇన్నేళ్లూ తను సాయిలుకు జాగా కాపాడుతున్నాననుకున్నాడు. ఒక మనిషిని పదకొండేళ్లు నిలబెట్టానని అనుకోలేదు. కళ్లు తుడుచుకుందామని భుజం మీదికి చేయి పోనిచ్చాడు. ఆ వెలిసిన తువ్వాల ఇంటి దగ్గరే ఉంది, ఉతికి ఆరేసి వచ్చాడు. గోదావరి తన కొంగు అంచు అందించింది.

వాసుదేవ్ గేటు తెరిచి, "జోడీయా?" అని అడిగాడు.

"జోడీనే," అన్నాడు రామన్న.