సీలు తీయని సీసాలు

ఆస్ట్రేలియా నడిమధ్య ఆలిస్ స్ప్రింగ్స్‌లో నేను టూరిస్టుల వ్యాను నడుపుతాను, వాళ్లను కొండల్లో నడిపిస్తాను. నల్గొండ నుంచి చదువుకని వచ్చి ఈ ఎడారి ఊళ్లోనే ఉండిపోయాను. తెలుగు గైడ్ ఉందని తెలిసి సిడ్నీ నుంచి మనవాళ్లు నన్నే అడుగుతారు. ఆ రోజు సిడ్నీ శివారు ఎడ్మండ్‌సన్ పార్క్ నుంచి మూడు కుటుంబాలు, తొమ్మిది మంది. పెత్తనమంతా శేషాద్రి అంకుల్‌ది. ఏ గంటకు ఎక్కడుండాలో షీటు వేసి నాకు ముందే మెయిల్ చేశాడు. సూర్యోదయం, లోయలో నడక, మడుగులో ఈత, ఒంటెల సవారీ. నిమిషాలతో సహా రాశాడు. మనుషులు పక్కకెళ్లి రావడానికి మాత్రం ఒక్క నిమిషం పెట్టలేదు.

అక్టోబరు నెల. పదకొండు దాటితే ముప్పై ఆరు డిగ్రీలు. తొమ్మిది కిలోమీటర్ల నడక, మధ్యలో టాయిలెట్ లేదు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు తప్పనిసరి. బయల్దేరే ముందు అందరి సంచులూ చూశాను. శేషాద్రి భార్య మంగతాయారు ఆంటీ సంచిలో రెండు పెద్ద సీసాలున్నాయి. సరే అనుకున్నాను. నా బుద్ధిని చెప్పుతో కొట్టాలి. సంచిలో ఉన్నాయా అని చూశాను గానీ గొంతులోకి దిగుతున్నాయా అని చూడలేదు.

దారిలో మగవాళ్లు ఒక్కొక్కరే బండల వెనక్కి వెళ్లొచ్చారు. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. ఎడారంతా వాళ్ల సొంతం.

మూడు కిలోమీటర్లు కూడా నడవకముందే ఆంటీ ఇసుకలో కూలబడింది.

"ఏం లేదమ్మా, కాస్త కళ్లు తిరిగాయంతే."

పిక్కలు పట్టేశాయి. పెదాలు ఎండిపోయి పగిలాయి. సంచి తెరిస్తే రెండు సీసాలకూ సీలు అట్లాగే ఉంది.

"పొద్దుగాల నుంచి చుక్క గూడ తాగలేదా ఆంటీ?"

"కాఫీ తాగాగా, నాలుగింటికి. నీళ్లు తాగితే మళ్లీ వెళ్లాల్సొస్తుంది కదమ్మా. ఇంతమంది మగాళ్ల మధ్య ఎక్కడికెళ్లను? ఈయనకేమో అన్నీ టైముకి అయిపోవాలి. నాకు అలవాటేలే."

కూతురు తేజస్విని యూనివర్సిటీలో రెండో ఏడాది. "అమ్మా, ఆర్ యూ సీరియస్? యూ కుడ్ డై హియర్!"

"అరవకే. అందరూ వింటున్నారు."

ఒళ్లు మండిపోయింది నాకు. మా అమ్మ కూడా ఇంతే. బస్సెక్కాలంటే ముందురోజు సాయంత్రం నుంచే గొంతు ఎండగట్టుకునేది. ఎంత ఓర్పు అని చుట్టాలు మెచ్చుకునేవాళ్లు. ఏం ఓర్పు? ఆడదానికి ఒంటేలు వస్తుందని లోకానికి తెలియకూడదు, అంతే. అందుకు కిడ్నీలు పాడుచేసుకోవాలి, ఎండలో పడి చావాలి.

శేషాద్రి వాచీ చూసుకున్నాడు. "కాస్త గ్లూకోజ్ పట్టించమ్మాయ్, లేచి నడుస్తుంది. పైనుంచి వ్యూ చూడకపోతే ఇంత దూరం వచ్చి దండగ."

"ఎనకకు పోతున్నం, అంకుల్."

"నువ్వెవరు డిసైడ్ చెయ్యడానికి? మీ ఆఫీసుకి ఒక్క మెయిల్ కొడితే నీ ఉద్యోగం ఉండదు, తెలుసా?"

"కొట్టుండ్రి, అడ్రస్ నేనే ఇస్త. ముందుగాల మగోళ్లందరు అటు తిరిగి నిలబడుండ్రి. ఎండల నిలబడుండ్రి. నీడ మాకు కావాలె."

ఈతకని తెచ్చిన టవళ్లు రెండు బండల మధ్య నేనూ తేజస్వినీ పట్టుకున్నాం. ఆంటీ సిగ్గుతో ఏడ్చింది. పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా పోయాక చాలాసేపటికి గానీ లేవలేదు.

అటునుంచి పవన్ అనే అతని గొంతు. "అండీ, సన్‌స్క్రీన్ బ్యాగు అక్కడే ఉండిపోయింది. తిరగొచ్చా?"

"డోంట్ యూ డేర్!" అని తేజస్విని కేకేసింది.

ఒక సీసాలో ఉప్పూ చక్కెరా కలిపి గుక్క గుక్కగా తాగించాను. గంటలో తేరుకోకపోతే శాటిలైట్ ఫోన్‌లో హెలికాప్టర్‌ని పిలుస్తానన్నాను. ఆ మాటకు శేషాద్రి మొహంలో మొదటిసారి భయం కనిపించింది. భార్య కోసమో, షీటు కోసమో నాకు తెలియదు. గంటకు ఆంటీ లేచి నిలబడింది. మెల్లగా వెనక్కి నడిచాం. ఈసారి ఆమె తాగే ప్రతి గుక్కా నేను చూస్తూనే ఉన్నాను.

ఊరికి నూట ముప్పై కిలోమీటర్లు. సగం దారిలో వెనక సీటు నుంచి ఆంటీ గొంతు వినిపించింది.

"అమ్మాయ్, ఒకసారి ఆపు."

నా పక్కన కూర్చున్న శేషాద్రి వెనక్కి తిరిగాడు. "ఇప్పుడా? మూడింటికి ఒంటెలు బుక్ చేశాం మంగా. నడక ఎలాగూ పోయింది, అదన్నా దక్కనీ. ముప్పావుగంటలో ఊరొచ్చేస్తుంది. అందాకా ఆగలేవూ?"



"ఆగను," అంది ఆంటీ. గట్టిగానే అంది.

శేషాద్రి నా వైపు చూసి, పోనివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు. నేను వ్యాను రోడ్డు పక్కకు తీసి ఇంజన్ కట్టేశాను.