రావు సాబ్ కారుకు ఎనిమిది గొట్టాలు

నేను మెకానిక్‌ను. నాకు చెవులు సరిగా వినపడవు. ఈ రెండు సంగతుల్లో మొదటిది నా షెడ్డున్న దబీర్‌పురా మొత్తానికి తెలుసు. రెండోది నా భార్య రాజమణికి ఒక్కదానికే తెలుసు. పదిహేనేళ్లు ఒక కార్ఖానాలో బాయిలర్లకు రివెట్లు కొట్టి, జీతంతో పాటు ఈ చెవుడు కూడా ఇంటికి తెచ్చుకున్నాను. మనుషుల మాటలు పెదవులు చూసి పట్టేస్తాను, గుబురు మీసాల వాళ్లతోనే చిక్కు. కానీ ఇంజను పెదవులు కదపదు కదా. "ఇస్సాకు చెవి పెడితే చాలు, బండి రోగం చెప్పేస్తడు" అని పేరు పడ్డవాణ్ని. ఆ చెవే పోయిందని తెలిస్తే ఇక షెడ్డు మూసుకోవడమే.

డెబ్భై నాలుగులో నయాపూల్ కోర్టు వకీలు విఠల్‌రావు గారి కారు నా దగ్గరికి వచ్చింది. ఆయనది లాల్‌దర్వాజా. ఏదో నవాబు గారి దేవిడీ వేలంలో ఎనిమిది సిలిండర్ల పాత అమెరికా బండి కొన్నాడు. అది ఆయన గల్లీ మలుపు తిరగాలంటే రెండిళ్ల వాళ్లు బయట వేసుకున్న మంచాలు లోపలికి తీసుకోవాలి. ఆ కారుకు ఉన్నది ఒకటే ఉద్యోగం. రావు గారి చుట్టాల్లో ఎవరి పెళ్లయినా పెళ్లికొడుకు అందులోనే రావాలి, బ్యాండు వెనకాల, మనిషి నడిచే వేగంతో. అంతకు మించి అది ఏనాడూ పరుగెత్తిన పాపాన పోలేదు.

ఇంజను పొగను పట్టి సైలెన్సరుకు పంపే పోత ఇనుప సామాను ఆ బండికి రెండు వైపులా పగిలింది. బాగు చేయడానికి రెండు దారులున్నాయి. జుమ్మేరాత్ బజారు పాత ఇనుములో అచ్చం అలాంటి జత ఉంది. అది బిగిస్తే బండి నడుస్తున్నట్టే తెలియదు. లేదా ఒక్కో సిలిండరుకు ఒక్కో గొట్టం వంచి, ఎనిమిదీ విడివిడిగా వెల్డింగ్ చేసి పెట్టాలి. అమెరికాలో పందాలకు పోయేవాళ్లు అలా పెట్టుకుంటారని ఒక పత్రికలో బొమ్మ చూశాను. దాంతో బలం పెరుగుతుంది, మోతా పెరుగుతుంది.

నాకు కావలసింది ఆ మోతే. ఆ మోతలో ఒక్కో సిలిండరు నాకు విడిగా వినపడుతుంది.

"మనం పొయ్యేది పెండ్లిళ్లకు. గంత బలమెందుకు ఇస్సాకూ?" అన్నాడు రావు గారు. ఆయనకు మీసం లేదు, ప్రతి అక్షరం అందింది.

"బలమున్న బండే మెల్లగ నడుస్తది సాబ్" అన్నాను.

ఆదివారం ప్రార్థనలో ఈ మాటకు విడిగా క్షమాపణ అడిగాను. రోజూ కోర్టులో అబద్ధాలు వినే మనిషి, నా అబద్ధాన్ని మాత్రం ఇట్టే నమ్మేశాడు.

"ఉన్నదున్నట్టు చెప్పరాదా ఆయనకు?" అంది రాజమణి అన్నం పెడుతూ.

"చెప్తే రేపు బండి ఎవరిస్తరే?"

ఇరవై రోజులు గొట్టాలు వంచాను. మొదటిసారి స్టార్టు చేసినప్పుడు ఎనిమిదీ వరుసగా పలికాయి. ఎన్నేళ్లకో ఒక ఇంజనును విన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ తగిలిందని అందరికీ చెప్పాను.

ఆ వారమే రావు గారి మేనకోడలు గోదా పెళ్లి. ఉదయం పది గంటలకు ఎదుర్కోళ్లు. కారు లాల్‌దర్వాజా గల్లీలోకి తిరగగానే ఒక డాబా మీది పావురాలు మొత్తం లేచిపోయాయి, వాటి యజమాని సాయంత్రం దాకా ఈలలు వేస్తూనే ఉన్నాడట. బ్యాండువాళ్లు బుగ్గలు ఉబ్బించి ఊదుతున్నారు గానీ ఆ పాట ఏదో వాళ్లకే తెలియలేదు. పురోహితుడు మంత్రం ఎక్కడిదాకా వచ్చిందో మరిచిపోయి మళ్లీ మొదటికి వెళ్లాడు. నేను మాత్రం కారు పక్కనే నడుస్తూ ఒక్క సిలిండరూ తప్పలేదని మురిసిపోయాను.

పది రోజుల తర్వాత రావు గారి భార్య అహల్యమ్మ పెళ్లి ఫోటోలు పట్టుకుని షెడ్డుకు వచ్చింది.

"సూడు ఇస్సాకూ. పెండ్లికొడుకుతో సహా అందరు చెవులల్ల వేళ్లు పెట్టుకున్నరు. నువ్వొక్కనివే నవ్వుకుంట నిలబడ్డవ్." ఫోటో వంక, నా వంక మార్చి మార్చి చూసింది. "ఆ గొట్టాలు తీసెయ్యి."

జుమ్మేరాత్ బజారు జత తెచ్చి బిగించాను. మూడో రోజు రావు గారు వచ్చాడు. షెడ్డులో నా వెనక నలుగురు వేరే బండ్ల వాళ్లు కూర్చుని ఉన్నారు. "స్టార్టు చెయ్యండి సాబ్, చూస్త" అన్నాను. ఆయన కారులో కూర్చుని ముందుకు వంగాడు. నేను చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వంచాను. ఉస్తాదులు వినేది అలాగే. కాసేపు విన్నాను. నాకు ఏమీ వినపడలేదు, అదేమీ కొత్త కాదు.

"బంగారం లెక్కుంది సాబ్. మూడో సిలిండరు జర తప్పుతున్నది, రేపు సెట్ చేస్త" అన్నాను.

కళ్లు తెరిచేసరికి రావు గారు కారు దిగి నా ఎదుట నిలబడి ఉన్నాడు. తాళంచెవి ఆయన చేతిలో ఉంది. కింద పడితే వంగి తీసుకున్నాడంతే, ఇంకా పెట్టనే లేదు.

వెనక ఉన్న నలుగురూ నన్నే చూస్తున్నారు. ఇన్నేళ్ల పేరు ఇక ఆయన నోట్లో ఉంది. వకీలు నోరు, ఒక్క నవ్వు నవ్వినా చాలు.

ఆయన నవ్వలేదు. తాళంచెవి జేబులో వేసుకుని, ఆ నలుగురికీ వినపడేలా, నాకు పెదవులు బాగా కనపడేలా నెమ్మదిగా అన్నాడు.

"నిన్నటి సంది నడిపి చూసిన ఇస్సాకూ. ఇది నాకు నచ్చుతలేదు, కారు నడిచినట్టే అనిపిస్తలేదు. ఆ ఎనిమిది గొట్టాలే మళ్ల పెట్టు."

"మరి అమ్మగారు?"

"ఆమె సంగతి నేను చూసుకుంట. నువ్వు ఫికర్ చెయ్యకు."

నిన్నంతా ఆ కారు నా షెడ్డులోనే, జాకీల మీద ఉంది. ఆ మాట నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

గొట్టాలు మళ్లీ ఎక్కాయి. అహల్యమ్మ షరతు ప్రకారం ఇప్పుడు వాళ్లింట పెళ్లయితే ఇంజను బందు పెట్టి, పెళ్లికొడుకును కూర్చోబెట్టి, బావమరుదులంతా కలిసి కారును నెడతారు. అహల్యమ్మ ముందు నడుస్తూ ఎవరు సరిగా నెట్టడం లేదో చూస్తుంది. గురువారం గురువారం రావు గారు కారును దబీర్‌పురా తెస్తాడు. గల్లీ గల్లీ చెవులు మూసుకుంటుంది, నేను చేతులు తుడుచుకుంటూ బయటికి వస్తాను. ఆయన ఇంజను ఆపేసి, తాళంచెవి తీసి నాకు కనపడేలా పైకెత్తి చూపిస్తాడు. నేను తల ఊపాకే దాన్ని మళ్లీ పెట్టి తిప్పుతాడు.