ఊరంతా కంఠస్థం

ముసలివాళ్ల మతిమరుపు మీద పరిశోధన చేస్తున్న సుమేరా ఇంకా నోరు తెరవనేలేదు. ఎదురుగా కూర్చున్న వీరన్న తాత "గొడ్డలి, మేక, కుండ, చింతపండు, వాన" అని గడగడా అప్పజెప్పి, దర్జాగా మీసం దువ్వాడు.

అవి ఆమె పరీక్షలోని మాటలే. తను వినిపించి, కాసేపు వేరే కబుర్లలో పెట్టి, మళ్లీ అడగాల్సినవి. తర్వాత వచ్చిన ముసలమ్మకూ వచ్చాయి. ఆ తర్వాతి ఆయనకూ వచ్చాయి. దమ్మపేట అవతల అడవి అంచున ఉన్న ఆ పల్లెలో మతిమరుపన్నదే లేదు! కాలేజీ పిల్లలు ప్రశ్నాపత్రాలు లీకు చేస్తారని వింది గానీ, బోసినోటి ముసలివాళ్లు ఇంత పని చేస్తారని ఆమె కలలో కూడా అనుకోలేదు. ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. కొత్తగూడెం నుంచి బస్సులు ఎక్కి దిగి చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరే కదా.

"ఎవరు నేర్పిన్రు తాతా?"

అందరి చూపులూ గుంపులో ఉన్న ఆదెమ్మ అనే ముసలామె మీదికి పోయాయి. ఆమె కొంగు బిగించి ముందుకొచ్చింది.

"పోయిన నెల పక్కూర్ల నువ్వు అడుగుతుంటే ఇని, నేనే నేర్పిన. తప్పు చెప్పినోళ్లను పిచ్చి దవాఖానాకు తోల్కపోతరంట గద! మా ఊరోళ్లను ఒక్కల్ని గూడ పోనియ్య."

"గట్లేం లేదవ్వా. ఎవరినీ తీస్కపోం."

ఆదెమ్మ నమ్మలేదు. వెనక కూర్చున్న భర్త సీతయ్యను చెయ్యి పట్టి తెచ్చింది. మండుటెండలోనూ గొంగడి కప్పుకున్నాడు, ముఖం ఉబ్బి ఉంది. ఆదెమ్మ అతని చెవిలో "గొడ్డలి" అంది. అతను తలూపి ఊరుకున్నాడు. మళ్లీ అంది. సుమేరా వైపు తిరిగింది.

"ఈయన కోసమే మొదలువెట్టిన బిడ్డా. పొద్దుమాపు ఇదే సదువు. పక్కన ఇన్నోళ్లందరికీ వచ్చె, ఈయనకే రాకపాయె. నన్ను గూడ ఎవరివమ్మా అంటుండు. తీస్కపోతే నన్ను గూడ తీస్కపో."

సుమేరాకు అప్పుడు తట్టింది. ఒక్కసారి వినిపించి అడిగితే కంగారులో ఎవరైనా తప్పుతారు. ఊరంతా నేర్చుకున్నాక కూడా రానివాడు ఒక్కడే మిగిలాడంటే, అంతకన్నా గట్టి పరీక్ష ఏముంది?

"పిచ్చి దవాఖానా కాదవ్వా. ఎండల గూడ చలి, ముఖం వాపు ఉన్నయి గద, రక్తం చూపిద్దాం. నువ్వు గూడ రా."

కొత్తగూడెంలో రక్తం పరీక్షిస్తే థైరాయిడ్ బాగా పడిపోయిందని తేలింది. మతిమరుపులన్నీ తగ్గేవి కావు గానీ, ఇది మాత్రం మాత్రలతో తగ్గొచ్చని డాక్టర్ ఆశ పెట్టాడు. సుమేరా తన పరీక్షనే మార్చేసింది. ఇప్పుడు ముందు అందరికీ బాగా నేర్పుతుంది, తర్వాతే అడుగుతుంది.

వానలు పడ్డాక మళ్లీ ఆ ఊరికి వెళ్లింది. సీతయ్య ఎలా ఉన్నాడోనని అనుకుంటూ అతని వాకిట్లో అడుగుపెట్టింది. లోపలికి చూస్తూ సీతయ్య గట్టిగా కేకేశాడు.

"ఏందే ఆదెమ్మా, దవాఖానాకు తోల్కపోయిన పిల్ల వచ్చింది. జల్దీ మంచం వాల్చవేందే? చెవుల పడ్తలేదా?"

ఆదెమ్మ మంచం వాల్చలేదు. పరుగున వచ్చి సుమేరా రెండు చేతులూ పట్టుకుని, నవ్వుతూ ఏడుస్తూ వాడంతా వినేలా అరిచింది.

"ఇన్నవా బిడ్డా? నన్ను పేరు పెట్టి తిడుతుండు!"