గోవర్ట్ కోసం ఆగిన రెక్క

కాలవగట్టు మీద ఏడు గాలిమరలు ఆగి ఉన్నాయి. ఎనిమిదోది, లేందర్ట్‌ది మాత్రం గిరగిరా తిరుగుతోంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి!

చిలీ నుంచి మరలు చూడ్డానికొచ్చి, లేందర్ట్ టిక్కెట్ల గది ముందు నిలబడ్డ పెద్దావిడ ఇనేస్ ఫొటో తీయబోయి ఆగింది.

"మిగతావన్నీ ఎందుకు ఆపేశారండీ? అన్ని రెక్కలూ ఒకేలా కాస్త ఒరిగి ఉన్నాయే?"

"చావు కబురమ్మా," అన్నాడు లేందర్ట్. " పై రెక్క నిట్టనిలువు దాటి ఆగితే ఎవరో పోయినట్టు. దాటకముందే ఆగితే పెళ్లో, పురుడో."

"ఎవరు పోయారు?"

"గోవర్ట్. ఆ ఎదుటి మర వాడిదే. పదకొండింటికి ఈ గట్టు మీదే తీసుకెళ్తారు."

"మరి మీదెందుకు తిరుగుతోంది?"

ఊళ్లో ఎవరూ అడగని ప్రశ్న అది. అందరికీ తెలుసు మరి. నలభై ఏళ్లు ఒకే బల్ల మీద కాఫీ తాగిన స్నేహితులు వాళ్లిద్దరూ. తొమ్మిదేళ్ల కిందట గోవర్ట్ నలుగురిలో నవ్వుతూ, "నీ మర నీళ్లు తోడేది కాదురా, ఫొటోలు దిగేది" అన్నాడు. అంతే, మాటలు బంద్. ఈ పరాయి మనిషికి ఆ సంగతి చెప్పబోతే లేందర్ట్‌కే సిగ్గేసింది. ఛీ, ఇంతేనా?

గట్టు మలుపులో నల్లబట్టల జనం కనిపించారు. లేందర్ట్ మర వెనక్కి పరుగెత్తి బ్రేకు తాడు లాగాడు. కళ్లు చెమర్చి ఏమీ ఆనలేదు. రెక్కలు మూలుగుతూ ఆగాయి.

"పైకి చేరకముందే ఆగిందండీ!" ఇనేస్ అరిచింది. "ఇది పెళ్లిది కదా!"

లేందర్ట్ నాలుక కరుచుకున్నాడు. శవం ఎదురొస్తుంటే పెళ్లిగుర్తా!

"నువ్వక్కడే ఉండి చూడమ్మా! దాటగానే చెప్పు!" అంటూ బ్రేకు సడలించాడు. రెక్క మెల్లగా కదిలింది.

"ఇంకొంచెం... ఇంకొంచెం... ఆపండి!"

ఈసారి సరిగ్గా ఆగింది. లేందర్ట్ రొప్పుతూ వచ్చి, టోపీ తీసి గట్టు పక్కన నిలబడ్డాడు.

శవపెట్టె వెనక నడుస్తున్న గోవర్ట్ భార్య నేల్త్యే ఇదంతా చూస్తూనే ఉంది. అతని ముందు ఆగి ఎగాదిగా చూసింది.

"మా ఆయన అంటూనే ఉండేవాడు, లేందర్ట్‌కి ఏదీ మొదటిసారి కుదిరి చావదు, రెండోసారి దాకా ఆగాలి అని," అంది. "తొమ్మిదేళ్లు ఆగాడయ్యా."

లేందర్ట్ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"ఏడుపు తర్వాత. నడు," అని నేల్త్యే పక్కకి జరిగి చోటిచ్చింది. అతను టోపీ చేత్తో పట్టుకునే ఆమె పక్కన నడిచాడు. వెనకాల టిక్కెట్ల గది తలుపు బార్లా తెరిచే ఉంది.