బంపరు మీది సెగ

ఫల్గుణ జీపు కొండెక్కుతూ మరిగిపోవడం మొదలయ్యాక, అరకులో వరహాలరావు షెడ్డు ముందు ఆగే బళ్ళు తగ్గిపోయాయి. ఆ చుట్టుపక్కల పెట్రోలు జీపుకి డీజిలు ఇంజను ఎక్కించిన మొదటి మెకానిక్కు అతనే. శృంగవరపుకోట నుంచి పైకొచ్చి షెడ్డు వేసుకున్నాక చేసిన పనుల్లో అదే పెద్దది. మిగతా జీపుల వాళ్ళంతా ఈ బండి ఏమవుతుందో చూసి తమ సంగతి తేల్చుకుందామని కనిపెట్టుకుని ఉన్నారు.

ఫల్గుణ కొండమీద ఊరివాడు. ప్రతి సంతకీ దారిలోని ఊళ్ళ జనాన్ని ఎక్కించుకుని హుకుంపేట వెళతాడు. ఇంజను మార్చిన దగ్గర్నుంచి, వెళ్ళిన ప్రతిసారీ ఘాటు రోడ్డు మధ్యలో రేడియేటరు బుసకొట్టింది. డిసెంబరు చలిలో, మనుషులు వణుకుతుంటే, బండి మాత్రం మరిగేది.

వరహాలరావు చేయని పరీక్ష లేదు. రేడియేటరు విప్పి కడిగించాడు. థర్మోస్టాట్ తీసేశాడు. కొత్త గాస్కెట్ వేశాడు. వాటర్ పంపు విప్పి చూశాడు. బరువు వల్లనేమోనని జీపు నిండా రాళ్ళు పోయించి, తనే నడుపుతూ ఎక్కడా ఆగకుండా ఘాటెక్కాడు. వేడి చూపించే ముల్లు సగం దగ్గరే నిలబడింది. అంటే లోపం బండిలో లేదు, నడిపేవాడిలో ఉంది. ఆ మాట టీ కొట్టు దగ్గర నలుగురిలో అనేశాడు కూడా.

అది ఫల్గుణ చెవిన పడింది. సంత ముందురోజు షెడ్డుకొచ్చి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నాకు బండి నడపడం రాదన్నావంట?"

"గేరు మార్చాల్సిన కాడ మార్చకపోతే ఏ ఇంజనైనా మరుగుతాది బావూ."

"సరే. రేపు నువ్వూ రా. నీ కళ్ళతో నువ్వే సూడు. రేపు కూడా మరిగిందంటే నీ ఇంజను నువ్వు దించుకో, నా పెట్రోలు ఇంజను నాకెక్కించు."

వరహాలరావు తలూపాడు. ఇంజను దించడం అతనికి కష్టమైన పని కాదు. దించుతున్నప్పుడు రోడ్డు మీద పోయేవాళ్ళంతా చూస్తారు. ఆ తర్వాత పంచర్లు వేయించుకోవడానికి తప్ప ఆ షెడ్డుకి ఎవరూ రారు.

మర్నాడు అతను ఫల్గుణ ఊరు చేరేసరికి మంచు ఇంకా విడలేదు. జీపు అప్పటికే నిండిపోయింది. ఎప్పుడూ తనకిచ్చే డ్రైవరు పక్క సీట్లో పసిబిడ్డతో ఒక తల్లి కూర్చుని ఉంది.

"సీటు లేదు మేస్త్రీ," అన్నాడు ఫల్గుణ. "ముందు బంపరు మీద కూకో. నీ ఇంజనుకి దగ్గరగా ఉంటావు."

లోపలున్నవాళ్ళు నవ్వారు. బంపరు మీద బుధు అనే ముసలాయన, పిప్పళ్ళ బుట్టతో రాజులమ్మ అప్పటికే సర్దుకుని ఉన్నారు. వాళ్ళు జరగడానికి ఒప్పుకోలేదు.

"ఏటి తాతా, బంపరు కోసం కూడా కొట్లాటేనా?"

"ఇదివరకు ఈ సలికి ఇక్కడెవుడు కూకునీవోడు?" అన్నాడు బుధు. "నువ్వు ఇంజను మార్చినకాడి నుంచి ఇదే మంచి సీటు. ఈపుకి రగ్గు కప్పుకున్నట్టుంటాది."

వరహాలరావు వాళ్ళ మధ్య ఇరుక్కున్నాడు. బండి కదిలింది. ఎదురుగాలికి ముఖం గడ్డకట్టినట్టయింది. ఎత్తు మొదలై వేగం తగ్గేసరికి వీపుకి వెచ్చగా తగిలింది. హాయిగానే ఉంది. ఊరూరా జనం చెయ్యెత్తుతున్నారు, ఫల్గుణ ఆపుతున్నాడు. గేర్లు తను మార్చినట్టే మారుస్తున్నాడు, ఇంకా మెత్తగా. ఆగినప్పుడల్లా సెగ ఎక్కువవుతోంది. వేడి ఇనుము పక్కన కూర్చుంటే తగిలే సెగ కాదది. చొక్కాని ముందుకి ఉబ్బిస్తోంది.

గాలి లోపలికి పోవాలి కదా, అనుకున్నాడతను. బయటికెందుకు వస్తోంది?

అంతలో రేడియేటరు బుసకొట్టింది. ఫల్గుణ బండి పక్కకి తీసి దిగాడు. వరహాలరావు వైపు చూశాడు, అంతే.

చల్లారేదాకా ఆగి, వాగు నీళ్ళు పోసి, వరహాలరావు ఇంజను మళ్ళీ స్టార్టు చేయించాడు. రాజులమ్మ రోడ్డు పక్కన కూర్చుని, చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది.

"అప్పా, ఓపాలి ఈ జాలీ దగ్గర పొగ ఒగ్గు."

"ఓలమ్మ, బండికి సుట్ట అలవాటు సేత్తావేటి?"

జనం పగలబడి నవ్వారు. ఆమె వంగి రేడియేటరు ముందున్న జాలీ మీదికి పొగ వదిలింది. లోపలికి పోవాల్సిన పొగ తిరిగొచ్చి ఆమె ముఖానే కొట్టింది. ఆమె దగ్గుతుంటే బుధు, "బండికి నచ్చలేదే," అన్నాడు.

వరహాలరావు నవ్వలేదు. విశాఖలో మూతపడిన ఒక సినిమా హాలు జనరేటరు నుంచి దించిన ఇంజను అది. ఎక్కువ తిరగలేదని మురిసిపోయి కొన్నాడు. ఒకచోట నిలబడి పనిచేసే జనరేటరుకి, ఫ్యాను వేడిని రేడియేటరులోంచి బయటికి తోస్తుంది. జీపుకి బయటి గాలిని లోపలికి లాగాలి. ఇన్నాళ్ళూ ఫ్యాను తిరుగుతోందా లేదా అనే చూశాడు గానీ, గాలి ఎటు పోతోందో చూడలేదు. రాళ్ళతో ఆగకుండా పోయినప్పుడు ఎదురుగాలి ఫ్యానుని గెలిచింది. రాళ్ళు చెయ్యెత్తి బండి ఆపవు. బంపరు మీద కూర్చుని గాలికి అడ్డం పడవు.

"ఫల్గుణా," అన్నాడు, అందరికీ వినపడేలా. "నీ నడపడంలో ఏ తప్పూ లేదు. ఫ్యాను తప్పు. ఏసింది నేను."

ఫల్గుణ అతని వైపు తిరిగాడు. "ఈ మాట టీ కొట్టు కాడ కూడా సెప్పాల."

"సెప్తాను."

"మరిప్పుడేటి సేద్దాం? జనానికి సంత తప్పిపోతాది."

"బేగి పానాలియ్యి. ఫ్యాను రెక్కలు తీసేత్తాను. లేకపోయినా పర్లేదు గానీ ఎదురు తోయకూడదు. బంపరు ఖాళీగా ఉండాల. బిడ్డతల్లి తప్ప అందరూ దిగాల. కొండపైదాకా నువ్వు ఆపొద్దు."

జనం గొణుక్కుంటూ దిగారు. జీపు ముందుకెళ్ళింది. వరహాలరావు ఫ్యాను చంకలో పెట్టుకుని అందరికంటే ముందు నడిచాడు. మలుపు తిరిగాక జీపు కనపడలేదు. చప్పుడు మాత్రం వినపడుతోంది. చప్పుడు ఆగితే తన షెడ్డు కూడా అక్కడే ఆగిపోతుందని అతనికి తెలుసు. కాసేపటికి అదీ వినపడలేదు. ఆగిందో, కొండ దాటిందో తెలియక రొప్పుతూ పైకెక్కాడు.

కొండ నెత్తిన జీపు నిలబడి ఉంది. ఆవిరి లేదు. ఫల్గుణ బానెట్ ఎత్తి చూస్తున్నాడు.

"ముల్లు సగం దాటి కొంచెం పైకెళ్ళింది, అక్కడే ఉండిపోయింది," అన్నాడు.

"మరి ఇంజను?"

"ఉంచుతాను. సరైన ఫ్యాను ఎయ్యి. ఏసినాక రాళ్ళతో సూసాను బాగుందని సెప్తే ఒప్పుకోను. ఈ జనంతో ఎక్కించి సూడాల."

"అలాగే."

కింది మలుపులో బుట్టలతో జనం నెమ్మదిగా ఎక్కుతున్నారు. వరహాలరావు ఫ్యాను జీపులో పడేసి కిందికి దిగాడు. రాజులమ్మ నెత్తి మీద బుట్ట అందుకోబోతే ఆమె ఆగింది.

"బండి ఎక్కిందేటి?"

"ఎక్కిందప్పా."

"మరి నువ్వు దిగొస్తన్నావేటి?"

"మిమ్మల్ని నడిపించింది నేనే కదా," అని బుట్ట తన నెత్తిన పెట్టుకున్నాడు.